పొగ ఎటు పోతోంది?

ఇల్లు కట్టుకునేటప్పుడు గాని, ఫ్లాటు కొనుక్కునేటప్పుడు గాని మనం గదుల కొలతలు చూస్తాం, నీటి వసతి విచారిస్తాం, గోడల రంగుల గురించి నలుగురినీ అడుగుతాం. వంటగదిలో పుట్టే పొగ, స్నానాల గదిలో పుట్టే ఆవిరి ఏ దారిన బయటికి వెళ్తాయని అడిగేవారు అరుదు. పూర్వం కట్టెల పొయ్యి పొగ కళ్లను మండించినా, గూనపెంకుల సందుల గుండా దానంతటదే పైకి పోయేది. స్నానాలు పెరటిలో దడి చాటున సాగేవి. నేడు స్లాబు కింద, అద్దాల కిటికీలు బిగించుకొని జీవిస్తున్నాం. పైగా ఆడవారి మరుగు కోసం మన ఇళ్లలో వంటగది కిటికీలను సైతం తరచు మూసే ఉంచుతాం. మరుగు అవసరమే. అలాంటి ఇంటికి గాలిదారి మరింత అవసరం. అందుకే ఈ నెల చిమ్నీలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ల గురించి కాస్త వివరంగా తెలుసుకుందాం.

గ్యాసు పొయ్యి వచ్చాక వంటింట పొగ లేదని చాలామంది భావిస్తారు. ఎల్పీజీ మంటలో మసి కనిపించకపోవచ్చు గాని, నైట్రోజన్ డయాక్సైడ్ అనే ఘాటు వాయువు వెలువడుతుంది. అది శ్వాసనాళాలను రేపుతుంది. ఆస్తమా ఉన్న పిల్లలకు మరీ చెరుపు చేస్తుంది. ఒక కిలో ఎల్పీజీ మండితే ఒకటిన్నర కిలోలకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. అంటే 14.2 కిలోల సిలిండరు ఖాళీ అయ్యేసరికి దాదాపు 22 లీటర్ల నీరు ఆవిరి రూపంలో వంటగది గాలిలో కలుస్తుందన్నమాట. గిన్నెల్లో మరిగే నీటి ఆవిరి దీనికి అదనం. ఇక బిర్యానీకి ఉల్లిపాయలు ఎర్రగా వేయించేటప్పుడు, ఇఫ్తార్ కోసం సమోసాలు, పకోడీలు వేసేటప్పుడు లేచే పొగలో ఊపిరితిత్తుల లోతు దాకా చేరగల సూక్ష్మకణాలుంటాయి. ఆ గాలిని పీల్చేది మన ఇంటి స్త్రీలు, వారి కొంగు పట్టుకొని తిరిగే పసివారు.

చిమ్నీలు రెండు రకాలు. మొదటిది పొగను గొట్టం ద్వారా ఇంటి బయటికి పంపుతుంది. రెండవది గొట్టం లేనిది. ఇది గాలిని లోపలికి లాగి, నూనెను ఫిల్టరులో పట్టి, బొగ్గు ఫిల్టరుతో కొంత వాసన తగ్గించి, ఆ గాలినే మళ్లీ గదిలోకి వదులుతుంది. వేడి, ఆవిరి, మంట నుండి పుట్టిన వాయువులు చాలా వరకు గదిలోనే మిగిలిపోతాయి. గోడకు రంధ్రం పెట్టే వీలున్న ప్రతి ఇంటా గొట్టం గల చిమ్నీయే తగినది. పొయ్యికీ చిమ్నీకీ మధ్య సాధారణంగా 65 నుండి 75 సెంటీమీటర్ల ఎడం ఉంచుతారు. కంపెనీవారి పుస్తకంలో వేరే కొలత ఉంటే దానినే పాటించాలి. చిమ్నీ వెడల్పు పొయ్యి వెడల్పుకు తగ్గకూడదు.

ఎంత ఖరీదైన చిమ్నీ అయినా దాని పనితనం గొట్టం చేతిలో ఉంటుంది. గొట్టం పొట్టిగా, నిటారుగా, లోపల నునుపుగా ఉండాలి. ముడతలు పడే అల్యూమినియం గొట్టం అమర్చడం సులభమే గాని, ఆ ముడతలు గాలిని అడ్డుకుంటాయి, జిడ్డును పట్టి ఉంచుతాయి. తప్పనిసరై వాడితే పూర్తిగా సాగదీసి, వీలైనంత తక్కువ వంపులతో బిగించాలి. 6 అంగుళాల నోరున్న చిమ్నీకి గోడ రంధ్రం చిన్నదన్న సాకుతో 4 అంగుళాల గొట్టం తగిలిస్తే గాలిదారి సగం కంటే తక్కువకు పడిపోతుంది. మోత పెరుగుతుంది, పొగ తగ్గదు. బయటి కొనకు వాన పడకుండా మూత, ఎదురుగాలి రాకుండా తెరుచుకు మూసుకునే రెక్క ఉండాలి. గొట్టాన్ని అటకలోకో, ఫాల్స్ సీలింగ్ లోపలికో వదిలి చేతులు దులుపుకునే పనివారూ ఉన్నారు. అలా చేస్తే పొగ ఇంట్లోనే మరోచోట దాగుతుంది. పేరుకున్న జిడ్డు నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. ఫిల్టర్లను కనీసం నెలకొకసారి వేడినీటిలో సబ్బుతో కడగాలి. వేపుళ్లు ఎక్కువగా చేసే రమజాన్‌లో వారం వారం కడిగితే మంచిది.

చాలామంది మరచే విషయం ఇంకొకటి ఉంది. గాలి బయటికి పోవాలంటే అంత గాలీ ఎక్కడినుండో లోపలికి రావాలి. తలుపులు, కిటికీలు అన్నీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే అది తిరుగుతుంది గాని, గాలి కదలదు. వంటగదిలో ఫ్యానుకు ఎదురువైపు ఉన్న తలుపునో కిటికీనో కొద్దిగా తెరవాలి. పక్కనే ఉన్న కిటికీని తెరిస్తే బయటి గాలి అటునుండి వచ్చి ఇటే పోతుంది, పొయ్యి మీది పొగ అక్కడే నిలుస్తుంది. స్నానాల గదికి తలుపు కింద వేలెడు సందు చాలు. లోపల ఏముందో బయటికి కనిపించదు, గాలి మాత్రం వస్తుంది.

స్నానాల గదిలో తేమ నిలిస్తే టైల్సు సందుల్లో, పైకప్పు మూలల్లో నల్లని బూజు పుడుతుంది. ఆ బూజు రేణువులు దగ్గును, ఉబ్బసాన్ని రేపుతాయి. స్నానం మొదలుపెట్టేటప్పుడే ఫ్యాను వేసి, ముగిశాక 15, 20 నిమిషాలు తిరగనివ్వాలి. కరెంటు ఖర్చు గురించి దిగులు అవసరం లేదు. 40 వాట్ల ఫ్యాను రోజుకు గంట తిరిగితే నెలకు 1.2 యూనిట్లే అవుతుంది.

ఇప్పుడు ప్రాణానికి సంబంధించిన మాట. గ్యాసు గీజరును స్నానాల గది లోపల అమర్చకూడదు. గాలి చాలని గదిలో గ్యాసు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్లుండడం దాని గుర్తులు. కొన్ని నిమిషాల్లోనే మనిషి స్పృహ కోల్పోవచ్చు. "ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది కదా" అన్న ధీమా పనికిరాదు. గాలి వచ్చే దారి లేని గదిలో ఆ ఫ్యాను మంట నుండి వెలువడిన వాయువులనే వెనక్కి లాగే ప్రమాదముంది. గీజరును బాల్కనీ వంటి బహిరంగ స్థలంలో బిగించి, వేడినీటిని మాత్రం పైపు ద్వారా లోపలికి తెచ్చుకోవాలి. స్నానానికి వెళ్లినవారు పిలిస్తే పలకకపోతే తలుపు పగులగొట్టడానికి సందేహించకూడదు. గ్యాసు ఆపి, వారిని ఆరుబయటికి చేర్చి, 108కి ఫోను చేయాలి.

వంటగదిలో గ్యాసు లీకు వాసన వస్తే ఫ్యాను స్విచ్చు ముట్టుకోకూడదు. ఏ స్విచ్చునైనా వేసినా, ఆపినా నిప్పురవ్వ పుట్టవచ్చు. ఎల్పీజీ గాలి కంటే బరువైనది కనుక నేల మీద పరచుకుంటుంది, గోడ పైభాగాన ఉన్న ఫ్యానుకు అందదు. రెగ్యులేటరు ఆపి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి, 1906కు ఫోను చేయాలి.

మన ఇంటినుండి వెళ్లిన పొగ ఎవరి ఇంట్లో చేరుతోందన్నది కూడా మనమే చూసుకోవాలి. అపార్ట్‌మెంట్లలో రెండు ఫ్లాట్ల నడుమ ఉండే ఇరుకు సందులోకి అందరూ గొట్టాలు వదులుతారు. పైకి పోయే దారి సరిగా లేకపోతే కింది ఇంటి వేపుడు పొగ పై ఇంటి స్నానాల గదిలోకి చొరబడుతుంది. మన గొట్టం ఎదురింటి పడకగది కిటికీకి గురిపెట్టి ఉంటే, మన వంట రుచి వారికి రోజూ బాధగానే పరిణమిస్తుంది. పొరుగువారి హక్కును అంతగా నొక్కి చెప్పే ధర్మాన్ని నమ్మినవారం మనం. గోడకు రంధ్రం వేసే ముందు వారితో ఒక మాట అనుకోవడం, వీలైతే గొట్టాన్ని మిద్దెపైకి తీసుకుపోవడం ఆ హక్కులో భాగమే.

అద్దె ఇంట్లో ఉన్నవారు చిమ్నీ పెట్టలేకపోవచ్చు. వంటగది వెంటిలేటరులో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యానుకు యజమాని అనుమతి అడగవచ్చు. గిన్నెల మీద మూత ఉంచడం, వేపుళ్ల వేళ పసివారిని మరో గదిలో ఉంచడం, వంట ముగిశాక కూడా 10 నిమిషాలు ఫ్యాను ఆపకపోవడం ఖర్చు లేని పద్ధతులు.

ఈ వస్తువులు కొనాలా వద్దా అన్న నిర్ణయం చాలా ఇళ్లలో మగవారిది, ఆ గాలి పీల్చేది ఆడవారు. అందుకే సోదరులకు ఒక మనవి. ఈ వారం ఒక పూట వంటగదిలో, అన్నీ వేగుతున్నవేళ, పావుగంట నిలబడండి. గ్యాసు వాసన లేదని నిర్ధారించుకొని, పొయ్యి ఆపాక ఒక ఊదుబత్తి వెలిగించి ఫ్యానుకు కొద్ది దూరంలో పట్టుకోండి. పొగ ఫ్యాను వైపు తిన్నగా సాగితే సరే. అక్కడక్కడే సుడులు తిరిగితే, మేస్త్రీని పిలవవలసిన సమయం వచ్చిందని గ్రహించండి.