రాయపూర్ గద్దె - కూలివాని గూడు

2021 ఆగస్టులో రాయపూర్ గద్దె తగాదా ఢిల్లీకెక్కింది. రెండున్నరేళ్ల వంతు ఒప్పందం ఉన్నదని టి.ఎస్. సింగ్‌దేవ్ వర్గం వాదించగా, ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ తన శాసనసభ్యులను రాజధానిలో మోహరించారు. ఆ కోలాహలంలో కూలిజనుల ఇళ్ల సంగతి ఎవరికి పట్టింది? ప్రధానమంత్రి ఆవాస్ గ్రామీణ పథకంలో నూటికి నలభై రాష్ట్రం భరించాలి. ఆ వాటా అందక నిర్మాణాలు నిలిచిపోయాయి. 2022 జూలైలో సింగ్‌దేవ్ గ్రామీణాభివృద్ధి శాఖను వదులుకుంటూ, సుమారు 8 లక్షల ఇళ్లు కట్టలేకపోయామని ముఖ్యమంత్రికి లేఖ వ్రాశారు. ఆరోగ్యశాఖను మాత్రం విడువలేదు! భూమిలేని వ్యవసాయ కూలీలకు అదే ప్రభుత్వం ఏటా 6 వేలు, పిమ్మట 7 వేల రూపాయలిచ్చిన మాట నిజమే. ఆ సొమ్ముతో గోడ లేవదు. 2023 ఓటమికి ఇదొక్కటే కారణమని నేననను. కాని గెలిచిన భారతీయ జనతా పార్టీ తొలి మంత్రివర్గ సమావేశంలోనే 18 లక్షల ఇళ్లకు ఆమోదం తెలిపింది. సింగ్‌దేవ్ అంబికాపూర్‌లో 94 ఓట్ల తేడాతో ఓడిపోయారు.