విద్యార్థుల పూటకూళ్లు

మన విశ్వవిద్యాలయముల విద్యార్థులు పదిమంది చేరి, తలకొక వాటా వేసికొని, ఒక భోజనశాల తెఱచి నడిపెదమని చెప్పినచో వారి తండ్రులేమందురు? ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతముల భూస్వామి కుటుంబములలో ఈ ప్రశ్నకు బదులు వెదకనక్కఱలేదు. "ఇందులకా నిన్ను ఇంజనీరింగు చదివించినది?" అను మాట వచ్చి తీరును. ఆ భోజనశాల మన పప్పన్నము పెట్టునది గాక, జపానువారి పద్ధతిని బల్లమీదనే కుండ కాగుచుండ, ఒక్క వెల చెల్లించినవానికి కడుపునిండ పెట్టునదైనచో ఆ మాటకు నవ్వు కూడ తోడగును. ఆ నవ్వు న్యాయమైనదా యని విచారించుటయే నేటి మా యుద్దేశము.

ముందు ఆ కుండ సంగతి. జపానువారు దానిని "నాబే" యందురు. చలిరాత్రులలో ఇంటిల్లిపాదియు బల్లచుట్టు కూర్చుండి, నడుమ చిన్నపొయ్యిమీద "కొంబు" అను సముద్రపు నాచు వేసి కాచిన రసములో ముల్లంగి, ఆకుకూరలు, పుట్టగొడుగులు, చేపముక్కలు వేసికొనుచు, ఉడికినది ఉడికినట్లు తీసికొని తినుట అచ్చటి యలవాటు. గోమాంసపు కుండ తరువాత వచ్చినది. 1872లో మెయిజీ చక్రవర్తి దానిని బహిరంగముగా భుజించుటతో అది ఆ దేశమున నాగరకతకు గుర్తైనది. మనకు ఆ గుర్తుతో పనిలేదు, కొల్లేటి చేపయు ముల్లంగియు చాలును. పలుచని ముక్కలను మరుగు నీటిలో ఆడించి తినుటకు "షాబు షాబు" అను పేరును 1952లో ఒసాకాలోని ఒక హోటలు పెట్టినది. ఒక వెలకు తిన్నంత పెట్టు పద్ధతిని 1958లో టోక్యోలోని ఇంపీరియల్ హోటలు ఆరంభించి దానికి "వైకింగ్" అను పేరు పెట్టగా, బఫేను జపానువారు నేటికిని ఆ పేరుతోనే పిలుచుచున్నారు. ప్రాచీన సంప్రదాయమని మనము దూరమునుండి మెచ్చుకొనునది చాలవఱకు మన తండ్రుల కాలమున హోటలువారు కట్టినది.

విద్యార్థులకు ఈ పద్ధతి తగుటకు ఒక కారణము కలదు. మన హోటళ్లలో వంటవాడే రాజు. అతడు అలిగి పొరుగు హోటలునకు పోయిననాడు సాంబారు రుచియు, దానితో గిరాకియు అతని వెంటనే పోవును. కుండ భోజనమున వండువాడు అతిథియే. లోపల చేయవలసినది రసము కాచుట, కూరలు కడిగి తఱుగుట, చేపను చల్లగా నిలువచేయుట, గిన్నెలు తోముట. ఇవి శ్రద్ధయున్న ఏ యువకుడైనను నెలరోజులలో నేర్వగలడు. రసపు రుచికి కూడ విద్యతో సంబంధమున్నది. ఆ నాచునుండి గ్లుటామిక్ ఆమ్లమును వేఱుచేసి, నాలుకకు తెలియు రుచులలో ఇది యొకటి యని 1908లో చాటినవాడు టోక్యో విశ్వవిద్యాలయపు రసాయనాచార్యుడు ఇకెదా కికునాయె. మఱుసటి యేటనుండియే అది "అజినొమొటో" అను పేర అంగళ్లకెక్కినది. మన వీథులలో నూడుల్స్ బండివాడు చిటికెడు చల్లు తెల్లనిపొడి ఒక ఆచార్యుని ప్రయోగశాలలో పుట్టినదని ఎందఱెఱుగుదురు?

ఒక వెలకు కడుపునిండ పెట్టుట మనకు క్రొత్తగాదు. "ఫుల్ మీల్సు" అని మన హోటళ్ల పలకలమీద నున్నది అదియే. ఐనను భేదమొకటి కలదు. విస్తరిముందు వడ్డించువాడు చేయి ఎంతవఱకు చాపవలెనో ఎఱుగును. బఫేలో చేయి అతిథిది, సరుకు యజమానిది. కంటి యాకలి కడుపు ఆకలికంటె పెద్దది. కావుననే జపానులోని యిట్టి శాలలు తొంబది నిమిషములనో రెండు గంటలనో గడువు విధించును. ఒక లెక్క వేసి చూతము. తలకు 300 రూపాయలు వెలపెట్టగా దినమునకు నూఱుగురు వచ్చిరనుకొందము. ఒక్కొక్కరు పళ్లెమున 20 రూపాయల సరుకు విడిచిపెట్టినచో దినమునకు 2,000, నెలకు 60,000 రూపాయలు చెత్తబుట్ట పాలు. అది ఇద్దరు ముగ్గురు పనివారి జీతము. ఈ లెక్కను పుస్తకమున చదివిన విద్యార్థి పరీక్ష వ్రాసి మఱచును. రాత్రి పదకొండు గంటలకు ఆ బుట్టను తన చేతితో ఎత్తి తూచిన విద్యార్థి మఱవడు.

మా వాదమంతయు ఇచ్చటనే యున్నది. పూర్వము వేంగి యని పేరొంది, శాలంకాయనులకును తూర్పు చాళుక్యులకును రాజధానియైన పెదవేగి నేడు ఆయిల్‌పామ్ తోటల సీమ. 1995లో నెలకొల్పబడిన ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ అచ్చటనే యున్నది. తోటలలో కొబ్బరి, కోకో, మెట్టను మొక్కజొన్న. దిగువకు పోయినకొలది వరి, ఆపైని కొల్లేటి చుట్టు చేప, రొయ్య. పండించుటలో ఈ సీమవారికి సాటి లేరు. అమ్ముటలోనో? గెలల ధర ప్రభుత్వ సూత్రమును బట్టి వచ్చును, కోకోగింజ ధర కంపెనీవాడు చెప్పును, రొయ్య ధర ఎగుమతిదారుడు చెప్పును. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మన సరుకులపై సుంకమును నూటికి ఏబదికి పెంచినప్పుడు వనామీ చెఱువు గట్టుమీద నిలిచిన రైతు దిక్కుతోచక చూచెను. తన రొయ్య ఏ పళ్లెములో, ఎంత వెలకు, ఎవరిచే తినబడుచున్నదో ఆతడు ఎన్నడును చూచియుండలేదు. టమాటా తోటలో కిలో ఐదు రూపాయలు పలికిననాడు అదే టమాటా పట్టణపు హోటలులో పులుసుగా మాఱి ఎంత తెచ్చుచున్నదో లెక్కగట్టువా డింటిలో లేడు. భోజనశాల నడపిన కుమారుడు ఆ లెక్కను ఇంటికి తెచ్చును. విత్తునుండి విస్తరివఱకు గల దారిలో మన రైతుకు తెలిసినది సగము దారియే. రెండవ సగమును చూపునట్టి పాఠశాల ఏ విశ్వవిద్యాలయమునను లేదు. (ఆయిల్‌పామ్ రైతులు మాత్రము మమ్ము క్షమింతురు గాక: ఈ కుండకు నూనె అక్కఱలేదు.)

సరుకు సంగతియు తేలికగా తీసికొన వలనుపడదు. కొల్లేటి చెఱువులలో విరివిగా పెరుగు బొచ్చె, శీలావతి చేపలకు కండలోపల సన్నని ముండ్లు మెండు. పులుసులో వ్రేళ్లతో ఏఱుకొని తినువానికి అది బాధగాదు. పలుచని ముక్కగా కోసి పుల్లలతో ఎత్తుకొని తినువానికి ప్రమాదము. కొరమీనునకు ముల్లు తక్కువ గాని వెల యెక్కువ. కావున ఈ సీమలో కుండకు రొయ్యయే మేలు. జపానువారు పచ్చిచేప తిందురు గదా యని మంచినీటి చేపను సగము ఉడికించి తినుట మూర్ఖత, దానియందు పురుగులుండవచ్చును. ఏలూరు, బెజవాడల మురుగు కొల్లేటికి పోవుచున్నదను సంగతి కూడ తెలియనిది గాదు. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ పట్టిక కెక్కి, 2006లో చేపలచెఱువుల గట్లు తెగగొట్టబడిన ఆ సరస్సు చరిత్రయంతయు తన తట్టలోని చేప వెనుక నున్నదని ఆ విద్యార్థి చేపను కొనునపుడే తెలిసికొనును.

ఇక ఎంగిలి. ఒకే కుండలో నలుగురు తమ తమ పుల్లలు ముంచుట మన వారికి సహింపరానిది. జపానువారు సైతము వడ్డించుకొనుటకు వేఱుగా పుల్ల లుంచుకొందురు గావున ఈ యడ్డంకి చిన్నది. పెద్దది వేఱొకటి. మన పట్టణములలో విద్యార్థి వసతిగృహములు చాలవఱకు కులముల పేరిట వెలసినవి. 1918లో హైదరాబాదున నెలకొన్న రెడ్డి హాస్టలు మొదలు ఇట్టివి ఎన్నో తరముల పేదపిల్లలను చదివించినవి. ఆ దాతల ఋణము తీఱునది గాదు. కాని చదువు ఒక్కచోటను పళ్లెము వేఱొకచోటను అగుటకు అవియు ఒక కారణమైనవి. లాభనష్టములలో వాటాదారులైనవారు వంటయింటిలో ఒకరి కులమొకరు అడుగుటకు తీరిక యుండదు.

మన తండ్రుల నవ్వునకు మూలము ఇంకను లోతుననున్నది. అన్నదానమును దేవకార్యమని కొలిచిన మన సమాజము అన్నవిక్రయమును హీనముగా చూచినది. లంకల గన్నవరమున వచ్చినవారి కందఱికిని అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరును 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు పెట్టుట సముచితమే. అదే అన్నమును వెలకు పెట్టి నలుగురి ఆకలి తీర్చిన పూటకూళ్లమ్మకు మాత్రము "కన్యాశుల్కము"లో దక్కినది గిరీశము ఎగవేసిన పైకము. ఆ యెగవేతయే విద్యార్థుల భోజనశాలకు నేటికిని ప్రథమశత్రువు. బయటివాడు పైకము చెల్లించి పోవును. స్నేహితుడు "ఖాతాలో వ్రాయుము" అనును. పదిమంది వాటాదారులకు తలకు పదిమంది స్నేహితులున్నచో నూఱుగురు గిరీశములైరి.

ఇంతకును వింత యేమనగా, ఇచ్చట తగని పని సముద్రము దాటగానే తగినదగుచున్నది. పొలమమ్మి అమెరికాకు పంపబడిన కుమారుడు అచ్చట హోటలులో గిన్నెలు తోమిన మాట ఊరిలో ఎవరును నవ్వుచు చెప్పుకొనరు. "కష్టపడి చదువుకొనుచున్నాడు" అందురు. విద్యార్థి వీసాపై నున్నవాడు చదువు సాగుదినములలో విద్యాలయపు ఆవరణలోనే, వారమునకు 20 గంటలకు మించకుండ పనిచేయవలెనని అచ్చటి నిబంధన. అనుమతి లేక బయట పనిచేసినవాడు పట్టుబడినచో చదువు, అప్పు, భవిష్యత్తు మూడును ఒక్కనాడే పోవును. జపానులో అనుమతి పొందినవానికి 28 గంటలు. పరదేశమున ఒకరి భోజనశాలలో దాగి చేయు పనికి లేని సిగ్గు, ఏలూరిలో తన భోజనశాలలో వెలుతురున చేయు పనికి ఎచ్చటనుండి వచ్చినది? 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావుగారు ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లతో కూడి ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి, చదువుతోడనే చేతిపనులు నేర్పించినది ఈ సిగ్గును పోగొట్టుటకే గదా.

విద్యార్థులు వంటయిల్లు నడుపలేరనువారు మన రాష్ట్రపు చరిత్రనే మఱచుచున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సాంఘిక సంక్షేమ శాఖ క్రింద విద్యార్థులు తామే నడపుకొను వసతిగృహములు ఉండెను. పల్లెలనుండి వచ్చిన దళిత విద్యార్థులు ఇల్లు అద్దెకు తీసికొని, వంటమనిషిని కుదుర్చుకొని, తమ పోషణ వేతనములను కలిపి, నెలాఖరున ఖర్చును తలకొక భాగముగా పంచుకొనిరి. వేతనము ప్రభుత్వమునుండి ఆలస్యమైనప్పుడు కిరాణా దుకాణమున అప్పు పెరిగినది, ఇంటి యజమాని తలుపు తట్టినాడు. అట్టి యిక్కట్టులలోను బియ్యపు బస్తా ధర, కట్టెల ధర, తమలో ఒకని నిజాయితీ, ఒకని చేతివాటము తెలిసికొని చదువు ముగించి పోయిరి. ఏ ఆస్తియు లేని పిల్లలు ఆకలిచే చేసినదానిని ఆస్తిగల పిల్లలు ఇష్టముచే చేయబోయినచో అది వినోదమని నవ్వుట మాకు న్యాయముగా తోచదు.

అయితే ఆ పిల్లలకు లేనిది, ఈ పిల్లలకు కావలసినది ఒక కట్టుబాటు. విద్యార్థి నాలుగేండ్లలో వెడలిపోవును. ఆతని వాటా యేమగును? స్నేహముమీద నిలిచిన వ్యాపారము చివరి పరీక్షతో ముగియును. ఈ చిక్కునకు జపానువారే త్రోవ చూపిరి. 1898లో క్యోటో నగరపు దోషిషాలో విద్యార్థుల కొనుగోలు సంఘమొకటి పుట్టెను. 1926లో టోక్యో విద్యార్థి సంఘమునకు తోడ్పడినవాడు కగావా తొయొహికో; 1939లో భారతదేశమునకు వచ్చి గాంధీమహాత్ముని దర్శించినవా డతడే. 1958లో ఆ సంఘములన్నియు ఒక జాతీయ సమాఖ్యగా నేర్పడినవి. నేడు ఆ దేశపు అనేక విశ్వవిద్యాలయములలో భోజనశాలను నడపునది ఈ సహకార సంఘమే. విద్యార్థి చేరునపుడు వాటాధనము కట్టును, పట్టముతో వెడలునపుడు తిరిగి తీసికొనును. వంటకు జీతగాండ్రున్నారు, ధరలు, లెక్కలు, ఫిర్యాదులు చూచు పాలకవర్గమున విద్యార్థులును ఉపాధ్యాయులును కూర్చుందురు. మనుష్యులు మాఱుదురు, సంఘము నిలుచును. మనకు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టమున్నది. ప్రభుత్వపు సొమ్ము కోరని సంఘములో ప్రభుత్వపు చేయి అంతగా దూరదు. భోజనశాలకు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు కావలెను. పదునెనిమిదేండ్లు నిండిన విద్యార్థికి ఈ రెండింటిలో ఏదియు అందనిది గాదు.

తాడేపల్లిగూడెమున 2015లో వచ్చిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థయు, వెంకట్రామన్నగూడెమున 2007లో వెలసిన ఉద్యాన విశ్వవిద్యాలయమును ఒకదానికొకటి దూరమున లేవు. ఒకచోట లెక్కలు, యంత్రములు తెలిసినవారు. ఒకచోట కూరగాయలు, పండ్లు తెలిసినవారు. ఈ రెంటి విద్యార్థులును ఒక సంఘముగా చేరి అడిగినచో, వచ్చు విద్యాసంవత్సరమున భోజనశాలల గుత్త మార్చునపుడు ఒక్క చిన్న క్యాంటీనునైనను వారికి విడిచిపెట్టవలెనని అధికారులను కోరుచున్నాము. అద్దె మాఫీ చేయనక్కఱలేదు. ఏడాదికొకసారి జమాఖర్చులు తనిఖీచేసి నోటీసుబోర్డున అతికించినచో చాలును.

తండ్రులను కోరునది వేఱు. కుమారుడు వచ్చి పెట్టుబడి అడిగినప్పుడు త్రోసిపుచ్చవద్దు, ఊరకయు ఇయ్యవద్దు. సంఘము పేరిట నోటు వ్రాయించుకొని, వడ్డీ నిర్ణయించి, బదులిండు. ఆపై నెలకొకసారి పోయి, స్నేహితుని తండ్రియైనను సరే, పూర్తి వెల చెల్లించి అచ్చట భోజనము చేసి రండు.