అంచు చెప్పే సాక్ష్యం
తోలు వస్తువు నాణ్యతను పైమెరుపును బట్టి కాక, కోసిన అంచును బట్టి అంచనా వేయడమే సబబు. తంగేడు చెక్క, కరక్కాయల కషాయాలతో పదును చేసిన తోలు అంచును గరుకు కాగితంతో సాపు చేసి, కాస్త తడిపి, గాడి ఉన్న కొయ్యముక్కతో గబగబా రుద్దితే, విడివడిన పోగులు ఒరిపిడి వేడికి అణగి, ఒకదానికొకటి అతుక్కుని నునుపు తేలుతాయి. అంచుకు మెరుగుపెట్టడమంటే ఇదే. తడి ఎక్కువైతే మాత్రం అంచు మెత్తబడి పుట్టగొడుగులా పక్కలకు విచ్చుకుంటుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు ఈ రుద్దుడుకు అంతగా లొంగదు కనుక దానికి సాధారణంగా రంగుపూతే గతి. అది తప్పేమీ కాదు గానీ, వాడకంలో పగిలి పొరలుగా లేచే పూతకన్నా, తేనెమైనం రాసి గుడ్డతో తుడిస్తే తేరుకునే అంచే మేలు. బెల్టు కొనేవారు బకిల్ కన్నా ముందు అంచును వేలితో తడిమి చూడాలి.