ఇంజిన్ మాట ఎందుకు వదిలేశారు?

సంపాదకులకు,

వాయుసేన ఆధునికీకరణపై మీ గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. స్వదేశీ తయారీ వట్టి నినాదమని, విదేశీ విమానాలు కొనడమే దారని వ్యాసకర్త తేల్చేశారు. ఒప్పుకోలేను.

మిగ్-21 యుద్ధ విమానాలు 2025 సెప్టెంబరులో సెలవు తీసుకున్నాక, 42 స్క్వాడ్రన్లు ఉండాల్సిన చోట 30 కూడా లేవన్నది నిజమే. కానీ హైదరాబాద్‌లోని మన కంచన్‌బాగ్ సంగతేమిటి? అక్కడి రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్ రూపొందించి, భారత్ డైనమిక్స్ తయారుచేసిన ఆకాశ్ క్షిపణులు 2025 మేలో సరిహద్దును కాపాడాయి. అపాచీ హెలికాప్టర్ల బాడీలు హైదరాబాద్ శివారు ఆదిభట్లలోనే తయారవుతున్నాయి. వీటి గురించి వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

స్వదేశీ తయారీలో అసలు లోటు ఇంజిన్‌ది. 83 స్వదేశీ తేజస్ మార్క్-1ఏ యుద్ధ విమానాలకు 2021లో ఒప్పందం కుదిరింది. వాటికి అమెరికా నుంచి రావాల్సిన ఎఫ్-404 ఇంజిన్లలో మొదటిది అందింది 2025 మార్చిలో! 1989లో మంజూరైన మన సొంత కావేరీ ఇంజిన్ నేటికీ తేజస్‌ను ఎగరేయలేదు. విదేశీ విమానం కొన్నా విడిభాగాలకు వాళ్ల గుమ్మం ముందే నిలబడాలి. ఒక్క విడిభాగం కోసం యంత్రం మూలనపడితే షిఫ్టుకు షిఫ్టే ఎలా వృథా అవుతుందో మా గని కార్మికులను అడగండి, చెబుతారు.

అత్యవసరమైనవి కొనండి, కాదనను. ఇంజిన్ పరిశోధనకు మాత్రం నిధులు, గడువు రెండూ ఖరారు చేయాలని మన ఎంపీలు పార్లమెంటులో గట్టిగా అడగాలి.

— విశ్రాంత సింగరేణి కార్మికుడు, గోదావరిఖని