మిసెస్ బెన్నెట్ కంగారులో న్యాయం ఉంది

జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' 1813లో అచ్చయింది. చదివినవాళ్లలో చాలామందికి అందులోని మిసెస్ బెన్నెట్ అంటే చులకన. ఐదుగురు కూతుళ్లకూ ఎలాగోలా పెళ్లిళ్లు చేసేయాలన్న ఆరాటం, ఊళ్లోకి డబ్బున్న కుర్రాడు దిగాడంటే కాలు నిలవకపోవడం, పదిమందిలో నోరు జారడం చూసి అందరూ నవ్వుతారు. పుస్తకాల గదిలో కూర్చుని చమత్కారాలు విసిరే ఆమె భర్త మాత్రం అందరికీ ముద్దొస్తాడు. ఈ తీర్పు అన్యాయం. ఆ ఇంటి జమాఖర్చులు చూస్తే ఎవరి కంగారుకు అర్థముందో, ఎవరి నింపాదితనం ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

లాంగ్‌బోర్న్ ఎస్టేటు మీద ఏడాదికి 2,000 పౌండ్లు వస్తాయి. కానీ అది మగ వారసుడికే చెందాలన్న షరతు ఉంది. మిస్టర్ బెన్నెట్‌కు కొడుకు లేడు. ఆయన కన్నుమూసిన నాడు పొలాలతో పాటు ఉన్న ఇల్లు కూడా దూరపు బంధువు కాలిన్స్ పాలవుతుంది. భార్యాబిడ్డలకు మిగిలేది పెళ్లినాటి ఒప్పందంలో రాసుకున్న 5,000 పౌండ్లు. నూటికి నాలుగు వడ్డీ చొప్పున ఏడాదికి 200. ఇన్నాళ్లూ ఉన్న ఆదాయంలో పదో వంతుతో, నిలువ నీడ లేకుండా ఆరుగురు ఆడవాళ్లు బతుకీడ్చాలి. కొడుకు పుట్టకపోతాడా, వాడికి వయసొచ్చాక ఆ షరతు తీయించుకోలేమా అన్న ధీమాతో మిస్టర్ బెన్నెట్ ఏళ్ల తరబడి ఏమీ వెనకేయలేదని ఆస్టెనే చెబుతుంది. మిసెస్ బెన్నెట్‌కూ పొదుపు చేతకాదు, నిజమే. అయినా ముంచుకొస్తున్న ముప్పు గురించి ఆ ఇంట్లో రోజూ గొంతెత్తేది ఆమె ఒక్కతే.

మిసెస్ బెన్నెట్ రెండో కూతురు ఎలిజబెత్ పెళ్లికి కాదన్న కాలిన్స్‌ను ఆమె స్నేహితురాలు షార్లెట్ లూకస్ మూడు రోజులు తిరక్కుండానే ఒప్పుకుంటుంది. ఆమెను లెక్కలు వేసుకునే మనిషిగా చూసే పాఠకులు ఉన్నారు. ఆమెకు 27 ఏళ్లు. చెప్పుకోదగ్గ అందం లేదు, ఆస్తీ లేదు. ఈ సంబంధం కుదిరాక, అక్క పెళ్లికాకుండా ఉండిపోతుందేమోనన్న భయం తీరి ఆమె తమ్ముళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆస్టెన్ దీన్ని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగిపోతుంది. పుట్టింట్లో పెళ్లికాని ఆడపిల్ల స్థానమేమిటో తెలియడానికి ఆ ముక్క చాలు. షార్లెట్ చేసింది బతుకుతెరువు వెతుక్కోవడం. ఆమె ముందున్న దారుల్లో అంతకంటే గౌరవమైనది మరొకటి లేదు.

ఈ కష్టం ఆస్టెన్‌కు స్వయంగా తెలుసు. 1802 డిసెంబరులో హారిస్ బిగ్-విదర్ అనే ఎస్టేటు వారసుడు పెళ్లి ప్రస్తావన తెస్తే ఆమె సరేనంది, మర్నాడు పొద్దున్నే మాట వెనక్కి తీసుకుంది. 1805లో తండ్రి పోయాక తల్లి, అక్క కసాండ్రాతో పాటు అన్నదమ్ములు పంపే డబ్బు మీద ఆధారపడింది. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' హక్కులు ఆమెకు తెచ్చిపెట్టింది 110 పౌండ్లు.

1811లో వచ్చిన 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' మొదట్లోని ఒక సంభాషణ ఇంకా కటువుగా ఉంటుంది. చనిపోతున్న తండ్రికి మాటిచ్చిన జాన్ డాష్‌వుడ్, సవతి చెల్లెళ్లు ముగ్గురికీ కలిపి 3,000 పౌండ్లు ఇద్దామనుకుంటాడు. భార్య ఫ్యానీ ఒక్కో మెట్టే దించుకుంటూ వస్తుంది. సగం చాలదా? ఏటా కొంత ఇస్తే పోలా? మాట ముగిసేసరికి మిగిలేది ఇల్లు మారేటప్పుడు సామాన్లు చేరవేయడంలో సాయం, అప్పుడప్పుడూ చేపలు, వేటమాంసం పంపడం. అన్న మరీ దుర్మార్గుడేం కాదు. వీలునామా ఎస్టేటంతా అతని చేతిలో పెట్టింది, చెల్లెళ్ల వాటా అతని దయకు వదిలేసింది.

పెళ్లయినంత మాత్రాన గండం గడిచేది కాదు. అప్పటి ఇంగ్లండు చట్టంలో భార్య చరాస్తి, సంపాదన భర్తవే. డబ్బున్న కుటుంబాలు ట్రస్టులు రాయించి కూతుళ్ల ఆస్తిని కాపాడుకునేవి. మిగిలినవాళ్లకు ఆ వీలు లేదు. 1848 నాటి ఆన్ బ్రాంటీ నవల 'ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్'లో హెలెన్ బొమ్మలు గీసి అమ్ముకుని, తాగుబోతు భర్త నుంచి కొడుకును తీసుకుని పారిపోవాలనుకుంటుంది. సంగతి తెలిసి అతను ఆమె రంగులూ కుంచెలూ మంటల్లో పడేస్తాడు. తర్వాత ఆమె తప్పించుకోగలిగినా మారుపేరుతో బతకాల్సి వస్తుంది, ఎందుకంటే చట్టం దృష్టిలో బిడ్డ తండ్రి సొత్తు.

ఆన్ అక్క షార్లెట్ బ్రాంటీ 1847లో రాసిన 'జేన్ ఎయిర్'లో, రోచెస్టర్ ఇంట్లో గవర్నెస్‌గా జేన్ జీతం ఏడాదికి 30 పౌండ్లు. చిన్నాన్న ఆస్తి 20,000 పౌండ్లు వచ్చాక జేన్ దాన్ని ముగ్గురు బంధువులతో సమానంగా పంచుకుని, తన 5,000తో, ఎవరి మీదా ఆధారపడని మనిషిగా రోచెస్టర్ దగ్గరికి తిరిగి వెళ్తుంది. జేన్ పనిచేసిన ఆ ఇంట్లోనే పై అంతస్తులో రోచెస్టర్ బంధించి ఉంచిన అతని మొదటి భార్య బెర్తా, జమైకా నుంచి 30,000 పౌండ్లు తెచ్చిన కోడలు. ఎస్టేటంతా పెద్దకొడుక్కే దక్కాలన్న తండ్రి పట్టుదలతో చిన్నకొడుకు రోచెస్టర్‌కు కుదిర్చిన సంబంధం అది. ఆ డబ్బు ఏమైందని అడిగే పాఠకులు ఎందరు?

బీదల పెళ్లిళ్లు ఈ నవలల్లో తక్కువగా కనిపిస్తాయి. థామస్ హార్డీ 1886లో 'ది మేయర్ ఆఫ్ కాస్టర్‌బ్రిడ్జ్'ను ఒక కూలీ, తాగిన మైకంలో, సంతలో భార్యను ఐదు గినీలకు అమ్మేయడంతో మొదలుపెట్టాడు. అది ఊహ కాదు. అలాంటి అమ్మకాలు ఇంగ్లండులో నిజంగా జరిగాయి. బీదలకు విడాకుల దారి లేదు: 1857 విడాకుల చట్టం రాకముందు పూర్తి విడాకులకు పార్లమెంటే ఒక్కో జంట కోసం విడిగా చట్టం చేయాలి. అంత ఖర్చు పెద్దింటివాళ్లే భరించగలరు. 1857 తర్వాతా భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి చూపితే చాలు, భార్య మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రౌర్యం, వదిలేసి పోవడం లాంటిది మరొకటి రుజువు చేయాల్సి వచ్చేది. 1870 చట్టం పెళ్లయిన ఆడవాళ్లకు సొంత సంపాదన మీద, 1882 చట్టం ఆస్తి మీద హక్కు ఇచ్చాయి. అప్పటికి ఆస్టెన్ పోయి 65 ఏళ్లు.

ఈ కథలు మనవాళ్లకు ఊరికే దగ్గర కాలేదు. 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' ఆధారంగా రాజీవ్ మేనన్ తమిళంలో తీయగా, 2000లో తెలుగులో 'ప్రియురాలు పిలిచింది'గా వచ్చిన సినిమాలో, తాత వీలునామాతో ఇల్లు కొడుకు పాలైతేనే తల్లీకూతుళ్లు చెన్నై దారి పడతారు. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి తెచ్చింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు మాత్రం 2005 కేంద్ర సవరణ దాకా అది అందలేదు. డిగ్రీ తరగతుల్లో ఈ నవలలు చెప్పే అధ్యాపకులు ఎలిజబెత్‌ను పెళ్లాడే డార్సీ గర్వానికి ఎంత సమయమిస్తారో కాలిన్స్ వారసత్వానికీ అంత ఇవ్వాలి. వినే అమ్మాయిల్లో కొందరి ఇళ్లలో, పుట్టింటి వాటా వద్దని అమ్మచేత సంతకం పెట్టించుకున్న కాగితాలు ఉండే ఉంటాయి.