జీతం లేని పంతులమ్మ

“ఒరే, అమెరికాలో పుట్టి, అక్కడే డిగ్రీ పుచ్చుకుని, జీతం లేని పంతులమ్మగా పోతుందిట! నలుగురికీ చెప్పుకోవటానికైనా బాగుందా?” అని మా అక్కయ్య నన్ను నిలదీసింది 2019లో. పోయేది ఆవిడ కూతురి కూతురు. ఊరు మడగాస్కర్ దీవిలో.

నాకు తెలిసినంత చెప్పాను. 1961లో కెనడీ అధ్యక్షుడుగా ఉన్నప్పుడు పెట్టిన ‘పీస్ కోర్’ తరఫున అమెరికా పౌరులు ఇలా పరదేశాలకు వెళతారు. మూడు నెలలు అక్కడి భాషా, పనీ నేర్చుకుని, ఆపైన రెండేళ్లు ఉండాలి. తిండికీ బసకూ సరిపడా ఇస్తారు. తిరిగివచ్చేటప్పుడు కొంత చేతిలో పెడతారు. బడిలో ఇంగ్లీషు చెప్పటం అసలు పని. ఊరికి పనికివచ్చేది మరొకటి చేయటం కొసరు పని.

“అక్కడ తింటానికేముందిరా?”

“మూడు పూటలా అన్నమే అక్కయ్యా. గిన్నె అడుగున మాడులో నీళ్లు పోసి కాచి, అదే తాగుతారు.”

ఆవిడ కాస్త మెత్తబడింది.

పిల్లను వేసింది ఆందసిబే అడవి దగ్గర. కొసరు పనిగా గ్రంథాలయం పెడతానని రెండు పెట్టెల ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించి, బీరువాలో సర్దింది. ఒక్కరూ ముట్టుకోలేదు. ఇంట్లో మలగాసీ, పై చదువుల్లో ఫ్రెంచి. ఇక మూడో భాషలో నవలలు ఎవరు చదువుతారు? ఫోనులో ఏడ్చింది.

“ఏం కావాలని ఊళ్లోవాళ్లను అడిగావా అమ్మా?” అన్నాను. అడగలేదుట.

అడిగితే తెలిసింది. ఆ అడవిలో ‘ఇంద్రి’ ఉంది. ఇప్పుడు బతికి ఉన్న లెమూర్లలో అదే పెద్దది. పొద్దున్నే దాని కూత ఎంతో దూరం వినిపిస్తుంది. దాన్ని చూడటానికి విదేశీయులు వస్తారు. ఊరి కుర్రవాళ్లకు అడవిలో ప్రతి చెట్టూ తెలుసు. ఇంగ్లీషులో చెప్పటమే చేతకాదు. దాంతో దారి చూపే పని వేరేవాళ్లకు పోతోంది. సాయంత్రం బడి అరుగు మీద పదిమంది చేరారు. “అదిగో, పైకొమ్మ మీద”, “చప్పుడు చేయకండి”, “వీపు మీద పిల్ల ఉంది, చూడండి”—ఇవీ పాఠాలు!

2020 మార్చిలో కరోనా వచ్చిపడింది. పీస్ కోర్ అన్ని దేశాలనుంచీ తన వాళ్లను వెనక్కు పిలిచింది. పిల్ల ఊళ్లో అందరికీ చెప్పి రావటానికి కూడా వ్యవధి లేకపోయింది. యాత్రికులూ ఆగిపోయారు.

“సగంలో వచ్చేశావు. ఏం చేసినట్టే?” అంది అక్కయ్య. పిల్ల దగ్గర జవాబు లేదు.

యాత్రికుల రాక మళ్లీ మొదలైన తర్వాత ఆ ఊరినుంచి ఒక ఫోటో వచ్చిందని మాకు పంపింది. అదే అరుగు. పాఠం చెబుతున్నవాడు ఆ పదిమందిలో ఒకడు. ఎదుట అంతా కొత్తవాళ్లు. పుస్తకాల బీరువాకు మాత్రం తాళం అలాగే ఉందిట.

అక్కయ్య కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

“ఈ కుర్రాడికి జీతం ఎవరిస్తారే?” అని అడిగింది ఫోనులో.

“ఎవరూ ఇవ్వరు అమ్మమ్మా.”

అక్కయ్య మరి మాట్లాడలేదు.