తాళాలగుత్తి ఎవరి అధికారం?

ఆమధ్య ఒక సాహిత్య సదస్సులో ఒక పెద్దాయన, "మన పాత ఇళ్లలో స్త్రీకి అధికారం లేదని ఎవరన్నారు? బొడ్లో తాళాలగుత్తి దోపుకున్న ఇల్లాలే అసలు యజమాని" అన్నారు. చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్లలో స్త్రీలూ ఉన్నారు. ఆరోజు నాకు జవాబు తోచలేదు. రెండు నెలల తర్వాత, కృష్ణా జిల్లాలో మా అమ్మమ్మ ఇంటి తాళం కోస్తున్నప్పుడు తోచింది.

ఆ ఇల్లు అమ్మమ్మకు పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చారు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం దానిమీద ఆమెకు సంపూర్ణ హక్కు ఉంది. అయినా తాతయ్య పోయిన నెలలోపే బీరువా, ధాన్యం గది, వీధి తలుపు తాళంచెవులన్నీ పెద్ద మామయ్య చేతికి వెళ్లాయి. "ఇంకా నీకెందుకమ్మా ఈ బరువు" అన్నాడట. భర్త ఉన్నన్నాళ్లూ బొడ్లో ఉన్న గుత్తి భర్తతోనే పోయింది. అధికారమైతే అలా పోతుందా? ఆమె చేసింది కాపలా. పూటకి ఎన్ని సోలల బియ్యం కొలవాలో, కోడలి విస్తట్లో ఊరగాయ ఎంత పడాలో చూసే కాపలా. పొలం అమ్మిననాడు ఆమెను ఎవరూ ఒక్కమాట అడగలేదు.

పోయేముందు అమ్మమ్మ ఆ ఇల్లు మా అమ్మకు రాసింది. రిజిస్టరయిన వీలునామా ఉంది. ఇంటిపన్ను రసీదులు అమ్మ పేరనే వస్తున్నాయి. మామయ్య కూడా పోయాక తాళంచెవి మాత్రం కనిపించలేదు. "అందరం కూర్చుని మాట్లాడుకుందాంలే అత్తా" అంటూ ఆయన కొడుకు రెండేళ్లు గడిపాడు.

చివరికి తాళాలు బాగుచేసే అతన్ని పిలిచాం. కప్పని అటూ ఇటూ తిప్పి చూసి, "మగవాళ్లెవరైనా వచ్చి ఒక మాట చెబితే తీస్తానమ్మా" అన్నాడు. ఇల్లెవరిదో అడగడం అతని వృత్తిధర్మం. అలా అడగకుండా తాళాలు తీస్తే ఏ ఇంటికీ రక్షణ ఉండదు. కానీ అతను కాగితం అడగలేదు. అమ్మ చూపిస్తే చదవలేదు. అతనికి కావలసింది మగగొంతు.

ఇక మేమే కూర్చున్నాం. అది పాత ఇత్తడి కప్ప. లోపలి పలకల్ని తాళంచెవి సరైన ఎత్తుకు లేపితేనే పైనున్న ఇనుప కమ్మీ వదులుతుంది. పలకలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. సుత్తితో బాదితే కప్పకన్నా ముందు పాత టేకు తలుపు చీలుతుంది. అందుకని తాళం పడేవైపు కమ్మీని కోశాం. హాక్సా బ్లేడు పళ్లు ముందుకి ఉండేలా బిగించి, చుక్కచుక్క నూనె వేస్తూ, ముందుకు తోసేటప్పుడే బలం పెట్టాలి. అమ్మ గుడ్డతో కప్ప కదలకుండా పట్టుకుంది. రెండు బ్లేడ్లు విరిగాయి. గంటన్నర పట్టింది. లోపల చెదలు, ఖాళీ జాడీలు, గబ్బిలాల కంపు.

1985 సెప్టెంబరు నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు జన్మహక్కు ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లని గుమ్మం బయటే నిలబెట్టింది. 2005 కేంద్ర సవరణలో ఆ మినహాయింపు లేదు. కానీ ఆ హక్కు చేతికి రావాలంటే ఇప్పటికీ అన్నదమ్ములు "కూర్చుని మాట్లాడుకునే" రోజు కోసం ఎదురుచూస్తున్న అక్కచెల్లెళ్లు మనలో ఎంతమంది లేరు? పరిశోధకులమైన మనమే, కథల్లో ఇల్లాలి నడుమున గుత్తి కనిపించగానే 'సాధికారత' అని రాసేస్తున్నాం. ఆ ఇల్లు ఎవరి పేర ఉంది, ఆమె విధవరాలయ్యాక ఆ గుత్తి ఎక్కడికి వెళ్లింది అని అడగడం లేదు. ఈసారి సదస్సులో నేను అడుగుతాను.

అమ్మ కొత్త తాళం కొంది. దానికి మూడు తాళంచెవులు వచ్చాయి. "ఒకటి మాకూ ఇవ్వు అత్తా, ఇంట్లో మగదిక్కు దగ్గర ఉంటే మంచిది" అని మామయ్య కొడుకు ఫోన్ చేశాడు.

అమ్మ ఇంతవరకూ ఇవ్వలేదు.